పురోభాగి: ముందు వాటా లాక్కునేవాడు

ఏటా ఆగస్టు 29న శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ గిడుగు రామమూర్తి పంతులు ఫొటోకి దండ వేస్తారు. వక్తగారు పద్యం తప్పు చదివారని ఆ సభలోనే ఎవరైనా గొణిగితే, "వీడొక రంధ్రాన్వేషి" అని పక్క కుర్చీ తేల్చేస్తుంది. దండ వేయించుకున్న పెద్దాయన బతుకంతా చేసిన పనుల్లో తప్పులు పట్టడం ముఖ్యమైనదన్న సంగతి అప్పుడెవరికీ గుర్తుకు రాదు.

తప్పులు పట్టేవాడికి మనకు ఒకప్పుడు రెండు మాటలుండేవి. రెండూ సంస్కృత నిఘంటువు అమరకోశంలోవే. రెండో కాండలో పండితుడి పర్యాయపదాల వరసలో "దోషజ్ఞుడు" ఉంది. తప్పు ఏదో తెలిసినవాడే విద్వాంసుడన్నమాట. మూడో కాండకొస్తే "దోషైకదృక్ పురోభాగీ" అని కనిపిస్తుంది. తప్పు తప్ప ఇంకేమీ కనపడనివాడు పురోభాగి.

పురోభాగి అంటే అక్షరాలా ముందు వాటా తీసుకునేవాడు. దీనికి నిఘంటువు కన్నా మా వైపు పెళ్లి బంతే మంచి వ్యాఖ్యానం. అందరికన్నా ముందు విస్తరి ముందు కూర్చుని, పప్పు వడ్డించకుండానే పనసపొట్టు కూర వేలితో నాలిక్కి రాసుకుని, "ఆవ ఘాటు చాల్లేదు" అనే మనిషి ఒకడు ప్రతి బంతిలో ఉంటాడు. "ముందు తినరా బాబూ, వంకలు తరవాతెట్టు" అనేది మా పెద్దత్త. గ్రీకుల్లో హోమరును చీల్చి చెండాడిన జోయిలస్ పేరే యూరప్ భాషల్లో ఇలాంటివాడికి బిరుదైపోయింది. మనవాళ్లు మనిషి పేరు జోలికి పోకుండా వాడి తొందరకి పేరు పెట్టారు.

మరి గిడుగు ఈ రెంటిలో ఎవరు? వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర గూడేల్లో తిరిగి వాళ్ల భాష నేర్చిన మనిషి. ఆ తిరుగుళ్లలో జ్వరాలకు మింగిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. జనం నోటి మాటే భాష అని వాదించినాయనకి చివరికి ఆ మాటే సరిగా వినపడకపోవడం కన్నా క్రూరమైన పరిహాసం ఇంకోటి లేదు.

ఆయన ఎత్తుగడ ఇది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమే ప్రమాణమని, పాత కావ్యభాషలోనే రాయాలనే గ్రాంథికవాదులు పట్టుబట్టారు. దాని లెక్కన "పూచెను కలువలు" అని రాయకూడదు, "పూచెను గలువలు" అనో "పూచెఁ గలువలు" అనో అనాలి. సరే, ఈ సూత్రాలు మీ పుస్తకాల్లో నిలిచాయా అని గిడుగు అడిగారు. వాళ్ల వచనంలోంచే తప్పులు ఏరి వాళ్ల ముందే గుట్టలు పోశారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ఇదే పని. అంతకుముందు 1914లో విజయనగరం నుంచి గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన అసమ్మతి పత్రం కూడా వాడుకభాష వైపే నిలబడింది. ఆ మరుసటేడే గురజాడ పోయారు, పోరు గిడుగు మీద పడింది.

గిడుగు మాట కటువే, వెటకారమూ ఉంది. పండితులకి ఆయన పురోభాగిలాగే కనపడి ఉంటే ఆశ్చర్యం లేదు. నా మటుకు నాకు ఆయన దోషజ్ఞుడు. ఎదుటివాళ్ల పుస్తకాలు ఆసాంతం చదివాకే వేలు పెట్టారు, ముందు వాటా కోసం తొందరపడలేదు.

ఇప్పుడు రెండు మాటలూ వాడుకలో లేవు. మిగిలిన రంధ్రాన్వేషి పురోభాగికి తమ్ముడే. దోషజ్ఞుడికి మాత్రం వారసుడు లేడు. అందుకే బాగా చదివి తప్పు చెప్పినవాడూ, అట్ట చూసి ముక్కు విరిచినవాడూ ఒకే తిట్టు తింటున్నారు. మొన్నో సాహిత్య సభ ఆహ్వానపత్రం ముసాయిదాలో "విమర్శకులు" కొట్టేసి "దోషజ్ఞులు" అని రాసిచ్చాను. ప్రెస్సు కుర్రాడు సాయంత్రానికి ఫోన్ చేశాడు: "మాస్టారూ, దోషులు అని వెయ్యమన్నారా?"