మూడో స్థానం ఎవరిది? టీమిండియా సెలక్షన్ గొడవకు తొంభై ఏళ్ల నేపథ్యం

2025 నవంబరులో గువాహటిలో దక్షిణాఫ్రికా 549 పరుగుల లక్ష్యం పెడితే భారత్ 140కే కుప్పకూలింది. 408 పరుగుల తేడాతో ఓడింది. పరుగుల లెక్కలో మన టెస్టు చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఓటమి లేదు. అంతకు పది రోజుల ముందు కోల్‌కతాలో 124 కొడితే గెలిచే మ్యాచ్‌లో 93కే ఆలౌటయ్యాం. సిరీస్ 2-0తో పోయింది. 2000 తర్వాత దక్షిణాఫ్రికా మన గడ్డపై టెస్టు సిరీస్ గెలవడం ఇదే మొదటిసారి. ఏడాది కిందటే న్యూజిలాండ్ మనల్ని 3-0తో ఊడ్చేసింది. 2013 నుంచి సొంతగడ్డపై వరుసగా 18 సిరీస్‌లు గెలిచిన జట్టు 13 నెలల్లో రెండు వైట్‌వాష్‌లు చూసింది.

వెంటనే వాదనలు మొదలయ్యాయి. కోచ్ గంభీర్‌ను తీసేయాలని కొందరు, చీఫ్ సెలక్టర్ అగార్కర్‌ను ముందు ప్రశ్నించాలని ఇంకొందరు. రోహిత్, కోహ్లీ 2025 మే నెలలో వారం తేడాతో టెస్టులు వదిలేయడం కొంప ముంచిందన్నవాళ్లూ ఉన్నారు. కోల్‌కతాలో నలుగురు స్పిన్నర్లు ఎందుకని, ఇంతమంది ఆల్‌రౌండర్లు ఎందుకని అడిగారు. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం బ్యాటింగ్ ఆర్డర్‌లో మూడో స్థానం. జూన్‌లో లీడ్స్ టెస్టుతో మొదలుపెట్టి నవంబరు వరకు ఆ స్థానంలో సాయి సుదర్శన్, కరుణ్ నాయర్, మళ్లీ సుదర్శన్, తర్వాత వాషింగ్టన్ సుందర్, మళ్లీ సుదర్శన్ దిగారు. ద్రవిడ్, పుజారా ఏళ్ల తరబడి కాపు కాసిన చోటు అది. ఇలా ఎందుకు జరుగుతోందో అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మొదట్లో జట్టును ఎంచుకునే అధికారం ఆటకన్నా హోదాను చూసేది. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు సి.కె.నాయుడు కెప్టెన్ అయ్యాడంటే, పర్యటనకు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు పెద్దమనసుతో తప్పుకోబట్టే. నాలుగేళ్ల తర్వాత ఆ పెద్దమనసు కనిపించలేదు. 1936 ఇంగ్లండ్ పర్యటనకు విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ కెప్టెన్. మూడు టెస్టుల్లో ఆయన చేసింది 33 పరుగులు. తెలుగు మూలాలున్న సి.కె. ఆయన కింద ఆడాల్సి వచ్చింది. మన తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్ ఆ పర్యటనలో మంచి ఫామ్‌లో ఉన్నాడు. మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న మనిషిని ఆపి వేరేవాళ్లను ముందు పంపారు. ఆట ముగిసే వేళకు గానీ అతనికి బ్యాటింగ్ రాలేదు. డ్రెస్సింగ్ రూమ్‌కి తిరిగొచ్చి కోపం వెళ్లగక్కాడు. క్రమశిక్షణ లేదని, తొలి టెస్టు కూడా మొదలుకాకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపించేశారు. సిరీస్ 2-0తో ఓడాం. తర్వాత బోంబే చీఫ్ జస్టిస్ బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి అమర్‌నాథ్‌ది తప్పు కాదని తేల్చింది. అప్పటికి అతను పోగొట్టుకున్న టెస్టులను ఎవరూ తిరిగివ్వలేకపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజుల పెత్తనం పోయింది, అయోమయం పోలేదు. 1958-59లో వెస్టిండీస్‌పై ఐదు టెస్టులకు నలుగురు కెప్టెన్లు: ఉమ్రీగర్, మన హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్, మన్కడ్, హేమూ అధికారి. జట్టు ఎంపికపై బోర్డు పెద్దలతో గొడవపడి ఉమ్రీగర్ మద్రాసు టెస్టుకు ముందు రాత్రే కెప్టెన్సీ వదిలేశాడు. సిరీస్ 3-0తో పోయింది. ఆ వెంటనే ఇంగ్లండ్‌లో 5-0.

ధైర్యంగా తీసుకున్న నిర్ణయం ఫలితమిచ్చిన రోజులూ ఉన్నాయి. 1969లో విజయ్ మర్చంట్ సెలక్షన్ కమిటీ కుర్రాళ్లకు తలుపు తెరిచింది. కాన్పూర్‌లో ఆస్ట్రేలియాపై అరంగేట్రంలో గుండప్ప విశ్వనాథ్ మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండో ఇన్నింగ్స్‌లో 137. ఆ సిరీస్ 3-1తో ఓడాం. అయినా కమిటీ వెనక్కి తగ్గలేదు. 1971లో వెస్టిండీస్ పర్యటనకు కెప్టెన్ ఎవరన్న దగ్గర మర్చంట్ తన కాస్టింగ్ ఓటుతో (ఓట్లు సమానమైతే చైర్మన్ వేసే నిర్ణాయక ఓటు) అప్పటి కెప్టెన్ పటౌడీని కాదని వాడేకర్‌కు పగ్గాలిచ్చారు. రంజీల్లో హైదరాబాద్‌కు ఆడే పటౌడీ ఆ పర్యటనకు వెళ్లలేదు. కానీ హైదరాబాద్ నుంచి జైసింహ, ఆబిద్ అలీ, కీపర్ కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్ ఐదుగురూ వెళ్లారు. గవాస్కర్ తొలి సిరీస్‌లోనే 774 పరుగులు చేశాడు. అక్కడా, ఆ తర్వాత ఇంగ్లండ్‌లోనూ 1-0తో గెలిచాం. ఓవల్‌లో గెలుపు షాట్ కొట్టింది ఆబిద్ అలీయే. పటౌడీకి జరిగింది న్యాయమా అన్న వాదన హైదరాబాద్ పాత తరంలో చాలాకాలం నడిచింది. ఆ నిర్ణయం వెనుక ఒక ఆలోచన ఉందన్నది మాత్రం కాదనలేం.

ఇప్పటి పరిస్థితికి దగ్గరి పోలిక 2011-12లో ఉంది. ఇంగ్లండ్‌లో 4-0, ఆస్ట్రేలియాలో 4-0తో ఓడాం. ద్రవిడ్ 2012 మార్చిలో తప్పుకున్నాడు. ఆగస్టులో న్యూజిలాండ్‌తో సొంతూరు హైదరాబాద్‌లో జరగాల్సిన టెస్టుకు జట్టులో పేరున్నా, మ్యాచ్‌కు ఐదు రోజుల ముందు లక్ష్మణ్ వీడ్కోలు చెప్పేశాడు. 134 టెస్టులు, 8781 పరుగులు చేసిన మనిషి ఉప్పల్ మైదానంలో ఆఖరి ఇన్నింగ్స్ ఆడకుండా వెళ్లిపోవడం ఇక్కడి అభిమానులకు ఇప్పటికీ మింగుడు పడదు. అదే ఏడాది ధోనీని కెప్టెన్సీ నుంచి తప్పించాలని సెలక్టర్లు అనుకుంటే బోర్డు అధ్యక్షుడు శ్రీనివాసన్ ఒప్పుకోలేదు. జట్టుకు అధ్యక్షుడి ఆమోదం తప్పనిసరి అన్న నిబంధన అప్పట్లో ఉండేది. ఈ సంగతి బయటపెట్టిన సెలక్టర్ మొహిందర్ అమర్‌నాథ్, 1936లో ఓడ ఎక్కించి పంపిన లాలా అమర్‌నాథ్ కొడుకే.

ఆ తర్వాత జరిగిందే ఇప్పుడు మనం గుర్తుచేసుకోవాల్సింది. పుజారా, కోహ్లీ, రహానే, విజయ్, అశ్విన్‌లతో కొత్త జట్టు నిలబడింది కానీ విదేశాల్లో వెంటనే గెలవలేదు. 2013 చివరి నుంచి దాదాపు ఏడాదిలోనే దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా నాలుగు చోట్లా సిరీస్‌లు ఓడాం. 2014లో ఇంగ్లండ్‌లో కోహ్లీ పది ఇన్నింగ్స్‌ల్లో చేసింది 134 పరుగులు. ఇవాళ్టి తొందర అప్పుడుంటే అతన్ని పక్కన పెట్టేసేవాళ్లమే. పెట్టలేదు. అదే శీతాకాలం ఆస్ట్రేలియాలో నాలుగు సెంచరీలు, 692 పరుగులు. నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో 593. 2018-19లో ఆస్ట్రేలియాలో తొలిసారి టెస్టు సిరీస్ గెలిచిన జట్టుకు వెన్నెముక వీళ్లే. నాలుగు సిరీస్‌లు ఓడినా ప్రధాన బ్యాటర్లను మార్చకపోవడమే ఆ గెలుపుకు దారి వేసిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఓపిక అందరికీ దక్కలేదు. కరుణ్ నాయర్ 2016 డిసెంబరులో చెన్నైలో 303 నాటౌట్ కొట్టాడు. తర్వాతి టెస్టు ఉప్పల్‌లో, బంగ్లాదేశ్‌తో. రహానే గాయం నుంచి తిరిగొచ్చాడు, ట్రిపుల్ సెంచరీ చేసిన కుర్రాడు బెంచ్ మీద కూర్చున్నాడు. 2018లో ఇంగ్లండ్ పర్యటన మొత్తం జట్టుతో తిరిగితే, ఓవల్ టెస్టుకు అతన్ని కాదని మధ్యలో పిలిపించిన హనుమ విహారిని ఆడించారు. విహారి 56 పరుగులు చేసి మూడు వికెట్లు తీశాడు కాబట్టి తెలుగువాళ్లం సంబరపడ్డాం. కరుణ్‌కు ఎవరైనా కారణం సరిగ్గా చెప్పారా అని అప్పుడు మనలో అడిగినవాళ్లు తక్కువ. తర్వాత విహారికీ అదే అనుభవం. మిడిలార్డర్ ఆటగాడిని మెల్‌బోర్న్‌లో ఓపెనర్‌గా దింపారు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి మ్యాచ్ కాపాడాడు. ఆ ఏడాది చివర్లో సొంతగడ్డపై న్యూజిలాండ్‌తో టెస్టులకు జట్టులో అతనికి చోటే లేదు. 16 టెస్టులతో 2022లో అతని కథ ఆగిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చిన కరుణ్‌కు 2025 ఇంగ్లండ్ సిరీస్ తర్వాత మళ్లీ తలుపు మూసుకుంది.

ఇప్పుడు అదే దారిలో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కనిపిస్తుంటే టెన్షన్‌గా ఉంటుంది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. వెస్టిండీస్‌తో సిరీస్‌లో పేస్ ఆల్‌రౌండర్ అని తీసుకుని, అహ్మదాబాద్‌లో బ్యాటింగ్ రాక, ఢిల్లీలో బంతి ఇవ్వక గడిపేశారు. కోల్‌కతా టెస్టుకు ముందు జట్టు నుంచి విడుదల చేసి భారత్-ఎ తరఫున ఆడమన్నారు. గువాహటికి మళ్లీ వెనక్కి పిలిచారు. రెండు ఇన్నింగ్స్‌ల్లో కలిపి పది పరుగులు. అతన్ని తప్పుపట్టడం సులువే. కానీ అతను ఏ పని కోసం జట్టులో ఉన్నాడో మైదానంలో అతన్ని వాడిన తీరు చూసి ఎవరైనా చెప్పగలరా?

సెలక్షన్ పద్ధతిని బాగుచేసే ప్రయత్నాలు జరగకపోలేదు. సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ సిఫార్సులతో సెలక్టర్లను ఐదుగురి నుంచి ముగ్గురికి తగ్గించారు. 2018లో సుప్రీంకోర్టు మళ్లీ ఐదుగురికి అనుమతిచ్చింది. ఆ కాలంలో చైర్మన్ గుంటూరుకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్. 2019 ప్రపంచకప్‌కు అంబటి రాయుడును వదిలి విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు ఆయన చెప్పిన ‘మూడు కోణాల’ (బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడన్న) కారణం, దానికి రాయుడు త్రీడీ కళ్లద్దాల ట్వీట్ అందరికీ గుర్తే. ఆ కారణం నాకూ నచ్చలేదు. అయినా ప్రసాద్ జనం ముందుకొచ్చి ఒక కారణమంటూ చెప్పారు. నచ్చని కారణంతో వాదించవచ్చు, మౌనంతో వాదించలేం.

షెడ్యూల్ ప్రకారం 2026లో శ్రీలంక, న్యూజిలాండ్ పర్యటనలున్నాయి. 2027 మొదట్లో ఆస్ట్రేలియా ఐదు టెస్టులకు ఇక్కడికి వస్తుంది. ఆలోపు సెలక్టర్లు, కోచ్, కెప్టెన్ గిల్ కలిసి మూడో స్థానానికి ఒక పేరు ఖాయం చేయాలి. అది సుదర్శన్ కావచ్చు, రంజీల్లో పరుగులు పోస్తున్న మరొకరు కావచ్చు. రెండు సిరీస్‌లు విఫలమైనా ఈ స్థానం నీదేనని ఆ కుర్రాడికి ముందే చెప్పాలి. నితీశ్‌ను ఆల్‌రౌండర్‌గా ఆడిస్తే రోజుకు పది, పన్నెండు ఓవర్లు వేయించాలి. లేదంటే బ్యాటర్‌గా ఎదగడానికి ఆంధ్ర తరఫున పూర్తి రంజీ సీజన్ ఆడనివ్వాలి.