ఎంకే-801 మందు కాదు: గ్లుటమేట్ బ్లాకర్ల మీద అపోహలు, వాస్తవాలు

న్యూరాన్లు ఒకదానికొకటి సిగ్నల్ పంపుకునే రసాయనం గ్లుటమేట్, దాన్ని అందుకునేవి రిసెప్టర్లు. ఎలుక మెదడు ముక్కల మీద ఈ రిసెప్టర్లని అడ్డుకునే బ్లాకర్లు వేసి, న్యూరాన్ల కరెంట్లు రికార్డు చేయడం నా పని. ఈ సంగతి తెలిసినవాళ్లు అటు తిరిగి ఇటు తిరిగి అడిగేది ఒకటే: "మీ దగ్గరుండే ఎంకే-801 (ల్యాబుల కోసం అమ్మే ఒక బ్లాకర్ పొడి) మనుషులకి వాడొచ్చా?" కెటామిన్ డిప్రెషన్‌కి పనిచేస్తుందట, మెమాంటిన్ అల్జైమర్స్‌కి ఇస్తారట, అవీ ఎన్ఎండీఏ అనే రకం గ్లుటమేట్ రిసెప్టర్‌నే అడ్డుకుంటాయి, ఇదీ దాన్నే అడ్డుకుంటుంది, పైగా సీసాతో వచ్చే సర్టిఫికెట్‌లో 99 శాతం ప్యూర్ అని ఉంది, ఇంకేం కావాలి అంటారు. అందుకే ముందు ఈ ఒక్కదాని సంగతి తేలుద్దాం, మిగతావి తర్వాత గబగబా చూద్దాం.

అపోహ: అంత ప్యూర్‌గా ఉంటే మందుతో సమానమే.

వాస్తవం: కానే కాదు. ఆ 99 అనేది హెచ్‌పీఎల్‌సీ (పదార్థాల్ని విడదీసి కొలిచే పరీక్ష) గ్రాఫులో పీకుల లెక్క. సీసాలో ఉన్నది ఆ పదార్థమేనా, దాంతోపాటు ఇంకేమైనా కలిసి ఉందా, అంతవరకే అది చెబుతుంది. స్టెరైల్‌గా ఉందా, ఎండోటాక్సిన్ (జ్వరం తెప్పించే బ్యాక్టీరియా విషం) ఉందా అన్నది ఆ కాగితంలో మామూలుగా ఉండదు, ఎందుకంటే గాజు పాత్రలో ఉన్న మెదడు ముక్కకి జ్వరం రాదు. "పరిశోధనకు మాత్రమే" అన్న ముక్క ఏదో లాయర్లు రాయించిందని తేలిగ్గా తీసుకుంటారు గానీ, మనిషి ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందో ఎవరూ పూచీ పడలేదని దాని అర్థం.

సరే, నూటికి నూరు పాళ్లూ ప్యూర్ అనుకుందాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. ఎన్ఎండీఏ రిసెప్టర్ మధ్యలో ఉండే చానెల్ అనే సన్నటి దారి తెరుచుకున్నప్పుడు ఎంకే-801 లోపలికి దూరుతుంది, చానెల్ మూసుకున్నాక అక్కడే ఇరుక్కుపోతుంది. స్క్రీన్ మీద చూస్తే తెలుస్తుంది: స్టిమ్యులేషన్ పల్స్ ఇచ్చిన ప్రతిసారీ కరెంటు మెట్లు దిగినట్టు తగ్గుతూ చివరికి చదునుగా అయిపోతుంది, ఆ తర్వాత గంటసేపు కడిగినా సరిగా తిరిగి రాదు. మెమాంటిన్ కూడా దూరేది ఆ చానెల్‌లోకే, కానీ పట్టు బలహీనం, త్వరగా బయటికొచ్చేస్తుంది, మామూలు సిగ్నళ్లని చాలావరకు సాగనిస్తుంది. రిసెప్టర్ ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటే అయిపోదు.

ఇంకో మాట. జ్ఞాపకశక్తి కోసం ఈ బ్లాకర్లు అడిగేవాళ్లని చూస్తే నాకు పాపమనిపిస్తుంది, ఎందుకంటే 1986లో రిచర్డ్ మారిస్ బృందం ఏపీ5 అనే ఎన్ఎండీఏ బ్లాకర్‌ని ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే, నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న తిన్నె ఎక్కడుందో అవి సరిగా నేర్చుకోలేకపోయాయి. 1989లో జాన్ ఓల్నీ బృందం ఎంకే-801, పీసీపీ (ఇదీ ఎన్ఎండీఏని అడ్డుకునే ఒక మత్తుపదార్థం) ఇచ్చిన ఎలుకల కార్టెక్స్ న్యూరాన్లలో బుడగల్లాంటి ఖాళీలు చూసింది. పక్షవాతానికి ఇదే దారిలో వచ్చిన సెల్ఫోటెల్ అనే మరో ఎన్ఎండీఏ బ్లాకర్‌ని 1990లలో రోగుల మీద పరీక్షించారు, మేలు కనబడక ఆపేశారు. ఇక ఇప్పుడు ల్యాబుల్లో ఎంకే-801ని ఎలుకలకి ఇచ్చే ముఖ్యమైన కారణాల్లో ఒకటి, వాటిలో స్కిజోఫ్రీనియాని పోలిన ప్రవర్తన తెప్పించడం!

ఒకాయన తన తల్లి మనవళ్ల పేర్లు మర్చిపోతోందని, డాక్టర్ ఇచ్చిన మాత్రల వల్ల పెద్దగా తేడా లేదని, "బలమైనది" ఇస్తే బాగుంటుందేమోనని పెద్ద ఉత్తరం రాశారు. ఆయన్ని ఏమనగలం? కానీ ఆ పొడి కొనుక్కోవచ్చని ఆయనకి ఎక్కించినవాళ్లని మాత్రం ఎన్నైనా అనొచ్చు. మెమాంటిన్‌కి 2002లో యూరప్‌లో, 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. డిప్రెషన్‌కి ఎస్‌కెటామిన్ 2019 నుంచి ఉంది, అదీ ఆరోగ్య సిబ్బంది కళ్లెదుటే తీసుకోవాలి. డోసు మార్చాలన్నా, మందు మార్చాలన్నా ఆ మాట డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. ఎవరైనా ఇప్పటికే ఈ పొడి తీసుకుని ఉంటే రాత్రంతా చూద్దాంలే అనుకోకుండా సీసాతో సహా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. విరుగుడు మందంటూ లేదు, లోపలికి వెళ్లింది ఏమిటో డాక్టర్‌కి తెలిస్తే అదే పెద్ద సాయం. తిడతారేమోనని దాచొద్దు.

ఇక మిగతావి. ముందు అపోహ, దాని పక్కనే వాస్తవం; కొన్ని ల్యాబ్ వాళ్లవే.

వంటల్లో వేసే గ్లుటమేట్ మెదడుకి పట్టేస్తుంది, కాబట్టి బ్లాకర్ కావాలి: తిన్న గ్లుటమేట్‌లో ఎక్కువ భాగాన్ని పేగు గోడే వాడేసుకుంటుంది, రక్తంలో ఉన్నది కూడా మెదడులోకి తేలిగ్గా చొరబడలేదు. దీనికి టెన్షన్ అనవసరం.

బ్లాకర్ వేశాం, పనిచేయడం లేదు, లాట్ (ఆ బ్యాచ్ సరుకు) పాడైంది: కొత్తగా చేరినవాళ్లు సప్లయర్‌కి ఫిర్యాదు రాసేస్తుంటారు. మా జూనియర్ ఒకమ్మాయి అయితే ఎంకే-801 వేసి, ముక్క అలసిపోకూడదని స్టిమ్యులేషన్ ఆపి కూర్చుంది. చానెల్ తెరుచుకోకపోతే అది దూరేదెలా? పల్సులు మొదలుపెట్టగానే కరెంటు దిగడం మొదలైంది, ఫిర్యాదు చెత్తబుట్టలోకి పోయింది.

సీఎన్‌క్యూఎక్స్ అనే బ్లాకర్ ఆంపాని మాత్రమే ఆపుతుంది: కైనేట్‌ని కూడా ఆపుతుంది (ఆంపా, కైనేట్ కూడా గ్లుటమేట్ రిసెప్టర్ల రకాలే), గాఢత పెంచితే ఎన్ఎండీఏ రిసెప్టర్ మీద గ్లైసిన్ అతుక్కునే చోటు జోలికీ పోతుంది. ఎక్కువ వేస్తే మంచిదనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

డీఎల్-ఏపీ5, డీ-ఏపీ5 ఒకటే: డీఎల్‌లో డీ, ఎల్ అనే రెండు అద్దంబొమ్మ రూపాలు సగం సగం ఉంటాయి, పనిచేసేది డీ రూపమే, కాబట్టి చవకైన డీఎల్ కొంటే రెట్టింపు గాఢత వేయాలి.

సాల్ట్ బరువు పట్టించుకోనక్కర్లేదు: ఎంకే-801 ఎక్కువగా మాలియేట్ సాల్ట్‌గా (మాలియిక్ ఆమ్లంతో కలిపిన రూపంలో) వస్తుంది, దాని అణుభారం 337.4, అసలు పదార్థానిది 221.3. సీసా మీద ఉన్నది చూడకుండా లెక్క కడితే గాఢత మూడో వంతు తగ్గిపోతుంది, తర్వాత మళ్లీ లాట్ పాడైందని నా దగ్గరికే వస్తారు.