బుగ్గ మీది మచ్చ, అరికాలి మచ్చ

హనుమకొండ

చిన్నారికీ, బంటికీ మీ బాపమ్మ ఆశీస్సులు.

చిన్నారీ, ఫోన్‌లో ఏదో వీడియో చూసి నీ బుగ్గ మీది పుట్టుమచ్చ క్యాన్సరేమోనని టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. అది క్యాన్సర్ కాదు బిడ్డా. అది నీ చిన్నప్పటి నుంచీ ఉంది. గుండ్రంగా, ఒకే రంగులో ఉంది. నీతోపాటు కాస్త పెరిగింది, అంతే. గిల్లకు, గోకకు, అద్దం ముందు నిలబడి దాన్నే చూస్తూ కూర్చోకు. నువ్వు అడిగిన రెండో ప్రశ్న మాత్రం నాకు చాలా నచ్చింది. "మైక్రోస్కోపులో చూస్తే క్యాన్సరని ఎలా తెలుస్తుంది బాపమ్మా?" అన్నావట. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాథాలజిస్టుగా, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టరుగా, నేను చేసిన పని అదే కదా. అందుకే వివరంగా రాస్తున్నాను. తమ్ముడికి చదివి వినిపించు, మీ క్లాసు పిల్లలకూ చూపించు.

మన చర్మం పై పొరను మీ పుస్తకంలో బాహ్యచర్మం అంటారు. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో పదో వంతే. దాని అడుగు వరుసలో, సుమారు పది కణాలకు ఒకటి చొప్పున మెలనోసైట్ అనే కణం ఉంటుంది. ఇది చర్మంలో పుట్టిన కణం కాదు. నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడు, వెన్నుపాము తయారయ్యే చోటు పక్కన పుట్టి, అక్కణ్నుంచి కదిలి వచ్చి చర్మంలో స్థిరపడింది. దానికి చేతుల్లాంటి కొమ్మలు ఉంటాయి. వాటితో చుట్టుపక్కల కణాలకు మెలనిన్ అనే రంగు పదార్థం అందిస్తుంది. అందుకున్న కణం దాన్ని తన కేంద్రకం మీద కప్పుకుంటుంది, మిరప తోటలో ఎండకు మనవాళ్లు తలకు తువ్వాల చుట్టుకున్నట్టు. లోపలి డీఎన్ఏకు ఎండదెబ్బ తగలకుండా కాపాడేది ఆ కప్పే. తెల్లవాళ్లకూ మనకూ ఈ మెలనోసైట్ల సంఖ్య దాదాపు సమానం. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, అది కణాల్లో ఎలా పరుచుకుంటుంది అన్నదే తేడా. కొందరికి పుట్టుకతోనే మెలనిన్ తయారు కాదు. అలాంటి పిల్లలెవరైనా మీ స్కూల్లో ఉంటే ఏడిపించకండి. ఎండలో ఆడేటప్పుడు టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసుకొమ్మని గుర్తు చేయండి. వాళ్ల చర్మానికి ఎండ వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం నిజంగానే ఎక్కువ.

ఈ మెలనోసైట్లు ఒకచోట గుంపు కడితే పుట్టుమచ్చ అవుతుంది. అవే అదుపు తప్పి పెరిగితే మెలనోమా అనే క్యాన్సర్. రెండూ ఒకే జాతి కణాలు కాబట్టి వేరు చేయడం అంత సులువు కాదు. స్లైడు మీద, అంటే ముక్కను పలుచగా కోసి పరిచిన గాజు పలక మీద, మేము మొదట చూసేది ఒక్కో కణాన్ని కాదు, మొత్తం అమరికను. మంచి పుట్టుమచ్చ కుడి ఎడమలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ కణాలు చిన్నవవుతూ, నెమ్మదిగా సద్దుమణుగుతాయి. మెలనోమాలో అలా జరగదు. అడుగున ఉన్న కణం కూడా పైనున్న దానంతే పెద్దదిగా ఉంటుంది, లోతులో కూడా కణాలు విభజన చెందుతూ కనబడతాయి. అడుగు వరుసలో ఉండాల్సిన కణాలు ఒక్కొక్కటిగా పైపొరల్లోకి ఎక్కిపోతాయి. ఒక అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటే, ఇంకో అంచు ఎక్కడ ముగిసిందో తెలియదు.

ఇవన్నీ తెలిసినా మోసపోయే చోటు ఒకటుంది. అది మీలాంటి పిల్లల విషయంలోనే. పిల్లలకు ముఖం మీదో కాలి మీదో ఎర్రగా, గుండ్రంగా ఒక గడ్డ లేస్తుంది. ముక్క తీసి చూస్తే పెద్ద పెద్ద కణాలు, చూడగానే మెలనోమా అనిపిస్తుంది. 1948లో అమెరికాలో సోఫీ స్పిట్జ్ అనే పాథాలజిస్టు ఇలాంటి స్లైడ్లను ముందు పెట్టుకుని, ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో కూడా చూశారు. దాదాపు అందరూ హాయిగా ఉన్నారు. ఆమె కూడా వాటిని చిన్నపిల్లల మెలనోమా అనే పేరుతోనే రాశారు. తర్వాతివాళ్లు అది అసలు క్యాన్సరే కాదని తేల్చి, దానికి ఆమె పేరే పెట్టారు. ఇప్పుడు దాన్ని స్పిట్జ్ మచ్చ అంటాం. ఎంతమంది పిల్లలు పెద్ద పెద్ద ఆపరేషన్లు తప్పించుకున్నారో ఆలోచించు! స్లైడు ఒక్కటే చూసి ఉంటే ఆమెకు ఆ సంగతి తెలిసేది కాదు. స్లైడు పక్కన మనిషి కథను కూడా పెట్టి చూశారు. మా రంగంలో పరిశోధన అంటే ఎక్కువ భాగం ఇదే. తీసిన ముక్కను దాచడం, కొలవడం, ఆ మనిషికి ఏమైందో ఏళ్ల తరబడి రాసిపెట్టుకోవడం.

అందుకే ముక్కను పారేస్తే నాకు కోపం వస్తుంది. పత్తి చేలల్లో పనిచేసే ఒక రైతు సంగతి చెబుతాను. మడమ దగ్గర నల్లమచ్చ లేస్తే, ముల్లు లోపల విరిగిందేమోనని జిల్లేడు పాలు పోశాడు. మచ్చ పెరిగి పుండైంది, రసి కారింది. ఊళ్లో ఒకాయన దాన్ని కోసి పారేశాడు. నొప్పి లేదు కాబట్టి రైతు మళ్లీ చేను పనిలో పడ్డాడు. కొన్నాళ్లకు గజ్జల్లో బిళ్ల కట్టింది. ఆ బిళ్లలోంచి తీసిన ముక్క నా దగ్గరికి వచ్చింది. స్లైడు నిండా నల్లరంగు పట్టిన మెలనోమా కణాలే. కాలి నుంచి పాకి వచ్చాయని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి ముక్క ఎంత మందం, అంచుల్లో ఏమైనా మిగిలిందా అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అది చెత్తకుప్పలో కలిసిపోయింది. ఆ రైతు మీద నాకు కోపం లేదు, ఆయనకు చెప్పినవాళ్లు ఎవరున్నారు?

మందం అంత ముఖ్యమా అంటే, అన్నిటికన్నా ముఖ్యం. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా పాథాలజిస్టు, మైక్రోస్కోపు కంటికటకంలో ఒక చిన్న స్కేలు పెట్టి, చర్మం పైనుంచి గడ్డలోని అతి లోతైన కణం దాకా కొలిచాడు. గడ్డ ఎంత వెడల్పుగా ఉందన్న దానికన్నా ఎంత మందంగా ఉందన్నదే రోగి భవిష్యత్తును బాగా చెబుతుందని తేల్చాడు. మీ జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి, చిన్న గీతకూ గీతకూ మధ్య దూరం చూడండి. అది 1 మిల్లీమీటరు. మెలనోమా ఆ లోపు ఉండగా తీసేస్తే చాలామంది ఆపరేషన్‌తోనే బాగవుతారు. చుట్టూ 1 సెంటీమీటరు మంచి చర్మం కలిపి తీస్తే సరిపోతుంది. మందం 2 మిల్లీమీటర్లు దాటితే చుట్టూ 2 సెంటీమీటర్లు తీయాలి. 4 దాటితే చాలా కష్టం. ఇన్నేళ్లలో ఎన్ని కొత్త పరీక్షలు వచ్చినా, మెలనోమా రిపోర్టులో ముందుగా మా కళ్లు వెతికేది ఇప్పటికీ ఆ మిల్లీమీటర్ల అంకెనే.

ముక్క దాచడం గురించి ఒక పాత సంగతి కూడా చెప్పాలి. 1787లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ ఒకాయన దవడ దగ్గర నుంచి నల్లటి గడ్డ తీశాడు. అదేమిటో ఆయనకు తెలియదు. అప్పటికి ఆ జబ్బుకు పేరు కూడా లేదు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టర్ లెనెక్ ఈ నల్ల గడ్డలు ప్రత్యేకమైన జబ్బని చెప్పింది 1804లో. తెలియకపోయినా హంటర్ ఆ గడ్డను సీసాలో భద్రపరిచాడు. 1968లో దాన్ని మళ్లీ తీసి మైక్రోస్కోపు కింద చూస్తే మెలనోమా అని తేలింది. 181 ఏళ్ల తర్వాత!

మన దగ్గర ముక్క దాచడానికి ఫార్మలిన్ అనే ద్రావణం ఉంది. ముక్క పరిమాణానికి కనీసం పదింతల ఫార్మలిన్ పోసి, డబ్బా మీద పేరు రాసి పంపాలి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెస్తే దారిలోనే పాడైపోతుంది. ల్యాబులో దాన్ని మైనంలో పోసి దిమ్మ చేస్తారు, దాన్ని బ్లాకు అంటాం. మైక్రోటోమ్ అనే యంత్రంతో ఆ బ్లాకును మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగైదు ఉండే పొరలుగా కోస్తారు. ఊదా, గులాబి రంగులు వేస్తే అప్పుడు కేంద్రకాలు కనబడతాయి. నీకు తెలుసా, ఆ ఊదా రంగు మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవలోంచి వస్తుంది. నల్లరంగు లేని మెలనోమాలూ ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ఇంకా ప్రత్యేకమైన రంగు పరీక్షలున్నాయి. బ్లాకు ఏళ్ల తరబడి చెడదు. అనుమానం ఉంటే ఇంకో డాక్టరుకు చూపించి రెండో అభిప్రాయం అడగొచ్చు. ఇది రోగి హక్కు.

ఇక మన సంగతి. "మనం నల్లగా ఉంటాం, మనకు చర్మం క్యాన్సర్ రాదు" అని చదువుకున్నవాళ్లు కూడా అంటుంటే విన్నాను. మెలనోమా మన దేశంలో తెల్లవాళ్ల దేశాలతో పోలిస్తే చాలా అరుదు, అది నిజమే. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది. అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. రిచర్డ్ రీడ్ అనే పాథాలజిస్టు 1976లో దీన్ని వేరే రకంగా గుర్తించాడు. జమైకా గాయకుడు బాబ్ మార్లే 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన ఇలాంటి మెలనోమాతోనే. అరికాలి చర్మం మందం, పైగా చెప్పుల్లేని నడక, ఆనెలు, ముళ్ల గాయాలు. కాబట్టి మచ్చను ఎవరూ పట్టించుకోరు.

బంటీ, నీ భూతద్దం తీసి నీ అరికాలు చూడు. వేలిముద్రల్లాగే గట్లూ గాడులూ కనిపిస్తాయి. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా గాడుల వెంబడి ఉంటుంది. మెలనోమా రంగు గట్ల మీద ఉంటుంది. జపాన్‌లో తొషియాకి సైదా బృందం ఈ తేడాను పట్టుకుంది. ఇప్పుడు చర్మం డాక్టర్లు డెర్మోస్కోపుతో, అంటే లైటున్న ప్రత్యేకమైన భూతద్దంతో, కోయకుండానే అనుమానం తీర్చుకోగలుగుతున్నది దానివల్లే. అనుమానం తీరకపోతే ముక్క పరీక్షే.

మందులూ వచ్చాయి. 2002లో మెలనోమాల్లో సుమారు సగంలో బీరాఫ్ అనే జన్యువు మారిపోయి ఉంటుందని కనుక్కున్నారు. దాన్ని అడ్డుకునే మందు 2011లో వచ్చింది. మన రోగనిరోధక కణాలకు పడిన బ్రేకును తీసే మందు కూడా అదే ఏడాది వచ్చింది. ఆ దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. అయితే అరికాలి రకంలో బీరాఫ్ మార్పు అంత తరచుగా ఉండదు, బ్రేకు తీసే మందులూ అంత బాగా పనిచేయవు. పరిశోధనలో ఎక్కువ భాగం తెల్లవాళ్ల ఎండ తగిలిన చర్మం మీద జరగడం ఇందుకు ఒక కారణమని నేను నమ్ముతాను. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట పల్లెల నుంచి వచ్చే అరికాళ్ల ముక్కలు ల్యాబుకు చేరి, బ్లాకులై, పక్కన మనిషి కథతో సహా దాచబడితేనే మనవాళ్ల జబ్బు గురించి ఎవరైనా నేర్చుకోగలరు. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచీ మన ఊళ్లోనే ఉంది. రేపు మీలో ఒకరు అక్కడ ఆ బల్ల ముందు కూర్చుంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఇప్పుడు మీకో పని. ఈ ఆదివారం తాత, పెద్దబాపు, పెద్దమ్మ స్నానం చేశాక వాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు చూడండి. కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ ఉందా? అంచులు అడ్డదిడ్డంగా, రంగులు రెండు మూడుగా ఉన్నాయా? గోరులో నల్లచార వెడల్పవుతూ గోరు పక్క చర్మంలోకి పాకిందా? ఎన్నాళ్లకూ మానని పుండు, ముఖ్యంగా పాత కాలిన మచ్చ మీద ఉందా? ఉంటే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, తేదీతో నాకు పంపండి. భయపెట్టేలా మాట్లాడకండి, చాలావరకు ఏమీ ఉండదు. జిల్లేడు పాలు, సున్నం మాత్రం పెట్టనివ్వకండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీకి నేనే వెంట వస్తాను. ఎవరు ఎక్కడ ఏ గడ్డ తీసినా "ముక్క ల్యాబుకు పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అని మీరే అడగండి. చిన్నపిల్లలు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ బాపమ్మ