బెంబా ఊళ్లలో పురుగు ఎప్పుడు తిండి అయింది, ఎప్పుడు శత్రువైంది

ఆఫ్రికాలోని జాంబియాలో ఎండు గొంగళి పురుగులకి సిటీల్లో మంచి గిరాకీ. బయట్నుంచి వచ్చేవాళ్లు పురుగుల కోసం ఏకంగా చెట్లే పడగొట్టేస్తున్నారని ఊళ్లవాళ్ల గోల. దీని వెనక వందేళ్లకి పైబడిన కథ ఉంది.

ఉత్తర జాంబియాలో బెంబా తెగ వాళ్ల సేద్యం ఎలా ఉండాలో చాలావరకు ఓ ఈగ డిసైడ్ చేసింది. సెట్సీ ఈగ పశువులకి అంటించే జబ్బు వల్ల అక్కడ మందలు పెద్దగా నిలవలేదు, మందలు లేకపోతే నాగలి లేదు, పేడ ఎరువు లేదు, పాలూ లేవు, ఇక మిగిలింది గొడ్డలి. మగవాళ్లు చెట్లెక్కి కొమ్మలు నరికితే ఆడవాళ్లు మోసుకొచ్చి ఒకచోట కుప్పలేస్తారు, వానల ముందు వాటిని తగలబెట్టి ఆ బూడిదలో రాగులు చల్లుతారు. చెట్టు చావదు, మళ్లీ చిగురేస్తుంది. దీని పేరు చితెమెనె.

రాగిపిండితో చేసే ఉబ్వాలి మన సంకటి లాంటిదే, అది తింటేనే వాళ్లకి భోంచేసినట్టు. నంజుకోడానికి వేట మాంసం, చేపలతో పాటు పురుగులు. నవంబర్, డిసెంబర్‌లో గాదెలు అడుగంటే టైముకి అడవిలో ముంపా, చిపుమి అనే గొంగళ్లు దిగుతాయి, పేగులు పిండేసి, నిప్పుల మీద కాల్చి, ఎండబెట్టి దాచుకుంటారు. వాన పడగానే లేచే ఉసిళ్లూ తింటారు. చెదపుట్టల మీద మీటరు వెడల్పు దాకా పెరిగే పుట్టగొడుగు కూడా ఆ చెదలు పెంచేదే!

అసలు కిటుకు మంటలో ఉంది. గడ్డి ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే తగలబెడితే మంట చిన్నగా పోతుంది, అదే ఎండాకాలం చివర్లో అడవి అంటుకుంటే లేత ఆకులూ, ఆ గొంగళ్లకి తల్లులైన చిమ్మటల గుడ్లూ అన్నీ మాడిపోతాయి. అందుకే ఎంపికా ప్రాంతంలోని కోపా దగ్గర, బెంబాకి దగ్గరి భాషే మాట్లాడే బీసా వాళ్లు లేటు మంటలు రాకుండా చూసుకుంటారు, పురుగు ఎంత ఎదిగిందో కనిపెడుతుంటారు, టైము రాకముందు ఏరనివ్వరు. ముదిరిన పురుగు ఎలాగూ మట్టిలోకి దిగిపోతుంది కాబట్టి ఏరుకునే రోజులు కొన్నే.

తెల్లవాళ్లకి ఇందులో కనిపించింది అడవి నాశనం ఒక్కటే. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ 1906 ప్రాంతంలో చితెమెనెని బ్యాన్ చేసింది, తిండి కరువొచ్చి 1909 కల్లా వెనక్కి తగ్గింది. 1930ల్లో అక్కడే ఉండి చూసిన మానవశాస్త్రవేత్త ఆడ్రీ రిచర్డ్స్ ఈ తిండీ పనీ లెక్కంతా 1939లో పుస్తకంగా వేశాక బయటివాళ్లకి ఆ పద్ధతి బాగా తెలిసొచ్చింది. ఈలోపు రాగి గనులు మగవాళ్లని లాక్కెళ్లాయి, కొమ్మలెక్కే చేతులు తగ్గాయి.

సర్కారుకి మాత్రం పురుగంటే యుద్ధమే. 1930లో మొదలైన ఎర్ర మిడతల దండు 1944 దాకా సగం ఆఫ్రికాని పీడించింది, దానికి పుట్టిళ్లలో ఒకటైన మ్వేరు వాంటిపా చిత్తడి నేలలు బెంబా సీమ పక్కనే. 1949లో అబెర్కార్న్‌లో, అంటే ఇప్పటి ఎంబాలాలో, మిడతల్ని కట్టడి చేసే అంతర్జాతీయ సర్వీస్ పెట్టారు. అది అవసరమే, కాదనను.

ఆ తర్వాత సబ్సిడీలతో మొక్కజొన్న వచ్చి రాగుల్ని పక్కకి నెట్టింది. 2016-17 సీజన్లో అదే మొక్కజొన్న మీద కత్తెర పురుగు అనే గొంగళి పడింది, 2018లో కర్ణాటకలో కనబడి మన తెలుగు రైతులనీ ఏడిపించింది అదే. జాంబియా సర్కారు మందు డబ్బాలు పంచింది. గొంగళి పురుగులు తిని కరువు నెలలు గట్టెక్కిన ఊళ్లలో ఇప్పుడు గొంగళి పురుగు మీదే స్ప్రే!