బంతి ఒక్కటే కలపదు: ఫుట్‌బాల్, మతసామరస్యం గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బస్తీల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం నా పని. వేర్వేరు మతాల, కులాల, భాషల పిల్లలను ఒకే జట్టులో ఆడించడానికే ఈ పని మొదలుపెట్టాం. దీని గురించి నాకు తరచూ వినబడే మాటలు చాలావరకు మంచి మనసుతో అనేవే. అయితే వాటిని నమ్మి కార్యక్రమం పెడితే మేలుకంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

అపోహ: హిందూ పిల్లల జట్టుకూ ముస్లిం పిల్లల జట్టుకూ స్నేహపూర్వక మ్యాచ్ పెడితే దూరం తగ్గుతుంది.

నాకు ఎక్కువగా వచ్చే విన్నపం ఇదే. ఏదో గొడవ సద్దుమణిగాక ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "రెండు బస్తీలకూ మ్యాచ్ పెట్టండి, కప్పు నేనిస్తాను" అంటారు. నేను ఒప్పుకోను. జెర్సీని బట్టి మతం తెలిసిపోయే మ్యాచ్‌లో ప్రతి ఫౌలుకూ మతం అంటుకుంటుంది. 1990 మే 13న అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్‌లో క్రొయేషియన్ల జట్టు డైనమో జాగ్రెబ్, సెర్బుల జట్టు బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ అభిమానులు తన్నుకోవడంతో మ్యాచే జరగలేదు. మరుసటి ఏడాదికి క్రొయేషియాలో యుద్ధం నడుస్తోంది. ఆ యుద్ధానికి మ్యాచ్ కారణం కాదు, కానీ ఉన్న పగకు స్టేడియం వేదికైంది.

మన దేశంలోనూ దీన్ని పరీక్షించి చూశారు. ఆర్థికవేత్త మ్యాట్ లోవ్ ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగులు ఆడించారు. ఒకే జట్టులో ఆడినవారి మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా మాత్రమే ఎదురుపడినచోట రాకపోకలు మొత్తం మీద తగ్గాయి. అందుకే మా దగ్గర బస్తీ పేరుతో జట్టు ఉండదు. పేర్లన్నీ ఒక డబ్బాలో వేసి చీటీలు తీస్తాం. మొదటి వారం తల్లిదండ్రులు, ముఖ్యంగా తండ్రులు, గొణుగుతారు. గొణగనిస్తాం.

అపోహ: ఒకే జట్టులో ఆడితే మనసులోని ద్వేషం పోతుంది.

సగం నిజం. ఇరాక్‌లో ఐసిస్ దాడులతో ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లతో సల్మా మూసా అనే రాజనీతి శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్లను చేర్చారు, మిగతావాటిలో అందరూ క్రైస్తవులే. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కలిసి ఆడిన క్రైస్తవుల్లో, మిగతావారితో పోలిస్తే ఎక్కువ మంది వచ్చే సీజన్‌లోనూ మిశ్రమ జట్టుకు పేరు ఇవ్వడానికి ముందుకొచ్చారు. ఉత్తమ క్రీడాస్ఫూర్తి బహుమతికి వేరే జట్టులోని ముస్లిం ఆటగాడికి ఓటు వేశారు. ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేస్తున్నారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో హోటలుకు వెళ్లి తినమంటే మాత్రం వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

తెలిసిన ముస్లిం మీద నమ్మకం కుదిరింది, తెలియని ముస్లిం మీద కుదరలేదు. ఈ పనిలో ఉన్నవారంతా ఆ ఫలితాన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలని నా అభిప్రాయం. నిధులిచ్చేవారికి పంపే నివేదికలో "సామరస్యం సాధించాం" అని రాసే ముందు ఒకసారి దానివైపు చూడవచ్చు.

అపోహ: ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు ద్రోగ్బా ఒక్క మాటతో తన దేశంలోని అంతర్యుద్ధాన్ని ఆపేశాడు.

ఏటా ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతారు. 2005 అక్టోబరులో సూడాన్‌పై గెలిచి ప్రపంచకప్‌కు అర్హత సాధించాక, ఐవరీ కోస్ట్ ఆటగాళ్లు టీవీ కెమెరా ముందు మోకరిల్లి ఆయుధాలు దించమని వేడుకున్న మాట నిజం. 2007 జూన్‌లో తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకేలో జాతీయ జట్టు ఆడిన మాటా నిజం. కానీ శాంతి ఒప్పందం అంతకు మూడు నెలల ముందే బుర్కినా ఫాసో రాజధాని వాగడూగూలో చర్చల ద్వారా కుదిరింది. 2010 ఎన్నికల తర్వాత మళ్లీ హింస చెలరేగి వేల మంది చనిపోయారు. ద్రోగ్బాను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆటగాడి మీద దౌత్యవేత్తల బరువు మోపకూడదు, అంతే.

అపోహ: మైదానంలో మతం, కులం, రంగు మాట ఎత్తకూడదు.

పెద్దలు ఎత్తకపోయినా పిల్లలు ఎత్తుతారు. బాగా ఆడే ముస్లిం పిల్లవాడికి "పాకిస్తాన్" అని పేరు పెడతారు, ఈశాన్య రాష్ట్రాల కుటుంబం నుంచి వచ్చినవాడిని "చైనా" అంటారు. విననట్టు ఊరుకుంటే ఆ పేరే స్థిరపడుతుంది.

మేము వాడే పద్ధతి కొలంబియాలోని మెడెలిన్ నగరంలో పుట్టింది. 1994లో ఆండ్రెస్ ఎస్కోబార్ అనే జాతీయ ఆటగాడిని ప్రపంచకప్‌లో సెల్ఫ్ గోల్ పడిన కొద్దిరోజులకే ఆ నగరంలో కాల్చి చంపారు. ఆ తర్వాత వచ్చిన ఈ ఆటలో మూడు భాగాలుంటాయి. ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు పెట్టుకుంటాయి. తర్వాత రిఫరీ లేకుండా ఆడతాయి. చివర మళ్లీ కూర్చుని, ఎవరు ఎంత మర్యాదగా ఆడారో ఒకరికొకరు పాయింట్లు వేసుకుంటాయి. ఆ పాయింట్లూ ఫలితంలో కలుస్తాయి. అంటే ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు ఓడిపోవచ్చు! ఈ ముక్క అర్థమయ్యాక పిల్లల నోళ్లు అదుపులోకి వస్తాయి. మొదట్లో పాయింట్ల కోసమే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా పేరు పెట్టించుకున్న పిల్లవాడు "ఆ మాట నాకు నచ్చలేదు" అని అందరిముందూ అనగలగడం చిన్న విషయం కాదు. కోచ్ అక్కడ ఉపన్యాసం ఇవ్వకూడదు. కష్టమైన పని అదే.

అపోహ: నియమాలు అందరికీ ఒకటే కాబట్టి వివక్షకు చోటు లేదు.

2011లో హిజాబ్ ధరించారని ఇరాన్ మహిళల జట్టును ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. తలవస్త్రాన్ని పూర్తిగా అనుమతిస్తూ నియమం మారింది 2014లో. మా స్థాయిలో ఇదే సమస్య సమయపట్టికలో ఎదురవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం సాధన పెట్టినా, ఆదివారం ఉదయం మ్యాచ్ పెట్టినా కొందరిని మీరే ఇంటికి పంపినట్టు.

అపోహ: జాతివివక్ష యూరప్ జబ్బు.

2024 మార్చిలో కేరళలోని అరీకోడ్ దగ్గర సెవెన్స్ (ఏడుగురి జట్ల) టోర్నమెంట్‌కు వచ్చిన ఐవరీ కోస్ట్ ఆటగాడు, ప్రేక్షకులు తనను జాతి పేరుతో దూషించి కొట్టారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఫుట్‌బాల్‌ను ప్రాణంలా చూసుకునే జిల్లాలో జరిగిన సంగతి ఇది.

అపోహ: హైదరాబాద్‌లో ఇప్పుడు ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు? క్రికెట్ పెట్టండి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ ఊరివారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, ఫ్రాంకో, మన సికింద్రాబాద్ బలరామ్ ఉన్నారు. ఆ పేర్లు ఒకసారి వరుసగా చదవండి. అయితే నేను ఫుట్‌బాల్ ఎంచుకోవడానికి కారణం చరిత్ర ఒక్కటే కాదు. క్రికెట్‌లో ఇష్టంలేని పిల్లవాడిని బౌండరీ దగ్గర నిలబెట్టి సాయంత్రమంతా మరిచిపోవచ్చు. ఐదుగురి ఫుట్‌బాల్ జట్టులో పాస్ ఇవ్వక తప్పదు. ఒక బంతి, గోల్‌కు నాలుగు ఇటుకలు చాలు. పిల్లలకు కొరత లేదు. కొరతంతా మైదానాలకే. మాకు దొరికే మునిసిపల్ గ్రౌండులో సగం పార్కింగ్‌కు పోయింది, మిగతా సగం కోసం ఉదయం ఆరింటికే వరుసలో నిలబడాలి.