అడ్డపొగకు స్టైల్ లేదు

సిగరెట్‌కు చూసేవాళ్లు కావాలి. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడులాంతర్ల దగ్గరో టీ కొట్టు ముందు నిలబడి కుర్రాడు మొదటి సిగరెట్ వెలిగించేది రుచి కోసం కాదు. మొదటి దమ్ముకు దగ్గు వస్తుంది, తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. అయినా రెండోది వెలిగిస్తాడు, పక్కన స్నేహితులు ఉన్నారు కాబట్టి. ఈ సంగతి కంపెనీలు ఎప్పుడో కనిపెట్టాయి. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు కాల్పించి, వాటికి స్వేచ్ఛా జ్యోతులని పేరు పెట్టించాడు ఎడ్వర్డ్ బెర్నేస్. ఒక సిగరెట్ కంపెనీ ప్రచారం చూసే మనిషి ఆయన.

మన తీరంలో ఆడవాళ్లకు అలాంటి ప్రచారం ఎవరూ చేయలేదు. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా పల్లెల్లో మామ్మలు చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం ఈ ప్రాంతం వాళ్లకు తెలిసిందే. అదే అడ్డపొగ. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, పంటి నొప్పి తగ్గుతుందని, పని చేసుకుంటూనే తాగొచ్చని అంటారు. పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారే.

ఇందులో చూపించుకోవడానికి ఏముంది? నిప్పు కనబడదు, పొగ రింగులు లేవు, పెదవుల మధ్య తడిసిన చుట్ట తప్ప. అయినా మానలేరు. స్టైల్‌ను పూర్తిగా తీసేశాక పొగాకులో ఏం మిగులుతుందో అడ్డపొగలో కనిపిస్తుంది. మిగిలేది నికోటిన్.

చుట్ట పొగకు క్షార గుణం ఉంటుంది. అందుకే దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. సిగరెట్ పొగకు కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, నోట్లో అంతగా ఇంకదు. గొంతులో ఘాటు తక్కువ కాబట్టి లోపలికి లాగడం తేలిక. ‘చుట్ట మోటు, సిగరెట్ నాజూకు’ అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతున్నారు. ఆ నాజూకుతనం వల్లే పొగ ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడి నుంచి నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడును చేరుతుంది. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్, తారు, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు డెబ్భై దాకా వెళతాయి.

రోజూ నికోటిన్ అందుతుంటే దాన్ని పట్టుకునే గ్రాహకాలు మెదడులో పెరుగుతాయి. కొన్ని గంటలు అందకపోతే చిరాకు, టెన్షన్ మొదలవుతాయి. సిగరెట్ వెలిగించగానే అవి తగ్గుతాయి. ‘టెన్షన్‌కు తాగుతున్నా’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ టెన్షన్‌లో చాలా భాగం ముందటి సిగరెట్ పెట్టిందే.

అడ్డపొగ దెబ్బ ముందు అంగిలి మీద పడుతుంది. చుట్ట కాలుతుంటే నోటి లోపలి వేడి వంద డిగ్రీలు దాటవచ్చని కొలిచి చెప్పారు. ఆ వేడి, పొగ కలిసి అంగిలిని తెల్లగా, మందంగా మారుస్తాయి. లాలాజలం వచ్చే సన్నటి రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా కనబడతాయి. కొందరికి అవి పుండ్లవుతాయి, కొందరికి క్యాన్సర్. పొగాకు నమిలే ప్రాంతాల్లో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల వస్తుంది. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో ఇన్నిసార్లు కనబడటానికి కారణం అడ్డపొగే. సిగరెట్ చేసే గాయం గుండెలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉంటుంది కాబట్టి అద్దంలో కనబడదు, అదొక్కటే తేడా.

నాకు ఆశ కలిగించే విషయం ఒకటుంది. శ్రీకాకుళంతోపాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేలమంది పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి కలిసి, నోరు పరీక్షించి, మానమని చెప్పిన అధ్యయనం 1986లో వెలువడింది. కొందరు మానేశారు, ఇంకొందరు తగ్గించారు. నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయి.

మీ ఇంట్లో అడ్డపొగ తాగే మామ్మ ఉంటే పగటి వెలుతురులో ఒకసారి నోరు తెరిపించి అంగిలి చూడండి. తెల్ల మచ్చ గానీ, పుండు గానీ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సరే, పళ్ల డాక్టరుకు చూపించండి. మానాలనుకునేవారికి 1800-11-2356 ప్రభుత్వ నంబరు. ఫోన్ ఉచితం.