టెస్టర్‌లో లైట్లన్నీ వెలిగినంత మాత్రాన కనెక్టర్ బాగున్నట్టు కాదు

రాయగడ, పార్వతీపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో నెట్‌వర్క్ కేబుళ్లనూ కనెక్టర్లనూ కొలిచి సర్టిఫై చేయడం నా పని. అంతకుముందు ఒక ల్యాబ్‌లో ఇవే కనెక్టర్లకు సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్‌లో పనితీరు లెక్కగట్టడం, చేసేవాడిని. ఏ ప్లాంటుకు వెళ్లినా, అవతలివారు తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా, ముందుగా వినిపించే మాట ఒక్కటే.

అపోహ: కేబుల్ టెస్టర్‌లో తీగకొకటి చొప్పున ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి కాబట్టి కనెక్టర్‌లో లోపం లేదు.

వాస్తవం: ఆ చిన్న టెస్టర్ పంపేది డీసీ, అంటే దిశ మారని కరెంటు. ఈ చివరి పిన్ను ఆ చివరి పిన్నుతో కలిసిందా లేదా అన్నది తప్ప దానికి మరేమీ తెలియదు. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌లోనే సెకనుకు 12.5 కోట్ల సింబళ్లు (సిగ్నల్ ముక్కలు) పోతాయి. ఆ వేగంలో ఏ తీగ ఏ తీగతో మెలిపడి ఉంది, ప్లగ్ దగ్గర ఆ మెలికను 13 మిల్లీమీటర్లు దాటి విప్పారా, షీల్డ్ (తీగల పైనుండే లోహపు కవచం) చుట్టూతా అంటుకుందా అన్నవే పనితీరును తేలుస్తాయి.

ఈ ప్రాంతంలోని ఒక ప్లాంటులో పెద్ద ఫ్యాను మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా కన్వేయర్ ఆగిపోయేది. సెన్సర్లనూ మోటార్లనూ కంట్రోలర్‌కు కలిపే ఐఓ మాడ్యూల్ మార్చారు, ఆ తర్వాత యంత్రాలను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీనే అనుమానించారు. ప్లగ్గులు వేసిన కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ కుర్రాడు, బిల్లు ఆపేస్తారేమోనన్న బెంగతో, "లైట్లన్నీ వెలుగుతున్నాయి సార్, మీరే చూడండి" అంటూ టెస్టర్ నా చేతికిచ్చాడు. నిజంగానే వెలిగాయి. అయితే అతను రెండు చివరలా జతలను 1-2, 3-4, 5-6, 7-8 అని వరసగా పెట్టాడు. 100 ఎంబీపీఎస్ వాడుకునే రెండో జత 3, 6 పిన్నులది. ఇక్కడ ఆ రెండింటికీ వేర్వేరు జతల తీగలు వచ్చాయి కనుక, కేబుల్ పొడవునా ఆ సిగ్నల్‌కు బయటి విద్యుత్ అలజడి నుంచి మెలిక ఇచ్చే రక్షణ లేకుండా పోయింది. కేబుల్ పనితీరును కొలిచే సర్టిఫయర్ తగిలించగానే నియర్ ఎండ్ క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇదే చివరన పక్క జతలోకి చొరబడటం) గీత పరిమితిని దాటేసింది. స్విచ్‌లో ఆ పోర్టు సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క) ఫ్యాను స్టార్ట్ అయిన ప్రతిసారీ పెరుగుతూనే ఉన్నాయి. మాడ్యూల్ కొనేముందు ఆ అంకె చూసినవారు లేరు. చేతికి అలాంటి టెస్టరే ఇచ్చి పంపినప్పుడు కుర్రాడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

ఇదే కేబుల్ ఆఫీసు కంప్యూటర్‌కు వేసి ఉంటే, పోయిన డేటాను టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మళ్లీ పంపేది, ఎవరికీ తెలిసేది కాదు. ఫ్యాక్టరీ యంత్రాలు వాడే ప్రొఫినెట్ నెట్‌వర్క్‌లోని రియల్ టైమ్ ఫ్రేములకు (డేటా పొట్లాలకు) ఆ వెసులుబాటు లేదు. మామూలు సెట్టింగ్‌లో వరసగా మూడు సైకిళ్ల డేటా అందకపోతే కంట్రోలర్ ఆ పరికరం పోయిందనే తీర్మానిస్తుంది.

అపోహ: ఖరీదైన ప్లగ్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఈ ఎనిమిది పిన్నుల ప్లగ్ ఆర్‌జే45లో 3-6 జత 4-5 జతకు ఇరువైపులా పరుచుకుని ఉంటుంది కనుక ప్లగ్‌లో క్రాస్‌టాక్ తప్పదు. ప్లగ్ దూరే జాక్ దానికి ఎదురుగా కొంత కపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలిపే గుణం) పెట్టి సరిచేస్తుంది, కాబట్టి ప్లగ్ క్రాస్‌టాక్ నిర్ణీత హద్దుల మధ్య ఉండాలే తప్ప ఎంత తక్కువైతే అంత మేలన్నది ఇక్కడ చెల్లదు. ఇక బంగారు పూత తుప్పును ఆపుతుంది, వేగాన్ని పెంచదు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ప్రతి షాపులోనూ వినబడుతుంది.

అపోహ: డేటాషీట్‌లో సిమ్యులేషన్ గీత ఉండగా కొలత దేనికి?

వాస్తవం: ఆ గీత కనెక్టర్ మోడల్‌ది. బోర్డు మీది ప్యాడ్లు, మీరు విప్పిన తీగలు అందులో లేవు. కొలతలోనూ ఫిక్స్చర్ (కనెక్టర్‌ను కొలిచే పరికరానికి కలిపే అమరిక) ప్రభావం కలిసే ఉంటుంది. దాన్ని తీసేయడానికి ఐఈఈఈ 370-2020 ప్రమాణంలో పద్ధతి ఉంది. రెండు గీతలూ కలవనప్పుడు నేను ముందు ఫిక్స్చర్‌ను, ఆ తర్వాతే మోడల్‌లో ప్లాస్టిక్‌కు ఇచ్చిన పర్మిటివిటీని (విద్యుత్ క్షేత్రానికి అది స్పందించే తీరును తెలిపే అంకెను) అనుమానిస్తాను.

అపోహ: సర్టిఫయర్ పాస్ అంటే ప్లగ్గులు కూడా పాసే.

వాస్తవం: ఛానెల్ పరీక్షలో రెండు చివరల ప్లగ్ కలయికలు లెక్కలోకి రావు. సైటులో చేత్తో వేసిన ప్లగ్గులు కూడా కలవాలంటే ఆ చివరి ప్లగ్ నుంచి ఈ చివరి ప్లగ్ దాకా కొలిచే ఎండ్ టు ఎండ్ లింక్ పరీక్ష చేయించి, రిపోర్టులో ఆ పేరు ఉందో లేదో చూసి బిల్లు పాస్ చేయండి.